పద్నాలుగో నంబరు బిళ్ళ

"మూత మూసింది నేనే సార్," అన్నాడు కాపలా పెద్దాయన. "పొద్దుట్నించి పదిసార్లు అడిగారు. పదకొండోసారి అడిగినా అదే మాట. నేనే మూశాను."

"విన్నారుగా కొలబద్దగారూ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కుర్చీలో వెనక్కి వాలుతూ. "ఆయన నోటితో ఆయనే ఒప్పుకున్నాడు. ఇంకా మీరు కొలవడానికి ఏం మిగిలిందట?"

మండుటెండలో కొండెక్కి వచ్చినా ఇన్‌స్పెక్టరు చొక్కా మీద ఒక్క ముడత లేదు. ఊరంతా ఆయన్ని ఇస్త్రీ అని పిలుచుకుంటుంది, ఆయన వినని దూరంలో. గోడకు ఆనుకొని నిలబడ్డ ప్రైవేటు డిటెక్టివుకి మాత్రం మొహం మీదే కొలబద్ద అని పేరు. గుమ్మం ఎత్తు దగ్గర్నుంచి చెప్పు మడమ అరుగుదల దాకా ప్రతిదీ కొలుస్తాడు కాబట్టి ఆ పేరొచ్చిందని జనం అనుకుంటారు. అతనూ అలాగే అనుకోనిచ్చాడు. ఆ పేరు ఎక్కడ పుట్టిందో చెప్పాల్సి వస్తే ఈ కొండ పేరు చెప్పాలి, అది అతనికి ఇష్టం లేదు.

కొండ కడుపులో ఆరు ఇనుప ట్యాంకులున్నాయి. ఒకప్పుడు సైన్యం చమురు దాచుకున్న చోటు. ఇరవయ్యారేళ్ళ కిందట సైన్యం తాళాలు పురపాలక సంఘం చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి దీన్ని ఏం చేసుకోవాలో తెలియక ఊరు తల పట్టుకుంది. ఈ ఏడాది సలహాల పెట్టె పెడితే నలభై మూడు చీటీలు వచ్చాయి. పుట్టగొడుగులు పెంచమని కొందరు, పాత రికార్డులు దాచమని కొందరు, ఈతకొలను కట్టమని ఒకరు రాశారు. ఊళ్ళో అల్లుళ్ళందరినీ లోపల పెట్టి మూతెయ్యమని పేరు రాయకుండా ఓ మామగారు సలహా ఇచ్చాడు. చివరికి నెగ్గింది సంగీతశాల. ఖాళీగా ఉన్న ఒకటో ట్యాంకులో ఒక్క చప్పట కొడితే ఆ చప్పుడు పదకొండు సెకన్లు తిరుగుతుందని సౌండ్ ఇంజనీరమ్మాయి కనిపెట్టింది మరి. మిగిలిన ట్యాంకులు కూడా అలాగే పలుకుతాయేమో చూద్దామని నిన్న ఐదో దానిలోకి దిగింది. సాయంత్రం ఫైరు వాళ్ళు మూత తీసి, కొక్కెం వేసి, నడుము పట్టీ అందుకొని శవాన్ని పైకి లాగారు. లోపలికి ఎవరూ దిగలేదు. సాక్ష్యాలు చెడిపోతాయని ఇస్త్రీ దిగనివ్వలేదు.

ఊపిరాడక చనిపోయిందని డాక్టరు రాశాడు. మూత మూసి ఉంది. మూసినవాడు ఎదురుగా ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు లెక్క అక్కడితో సరిపోయింది.

పొద్దున్నే ఆ అమ్మాయి అక్క కొలబద్ద ఇంటికొచ్చింది. ఏడవలేదు. "ఎవరు చేశారని నేను అడగటం లేదండీ. మా చెల్లి ఎందుకు పోయిందో చెప్పండి చాలు. మీరు కొలవకుండా మాట్లాడరని అందరూ అంటారు," అంది. అతను సరేనన్నాడు. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆ కొండలోనే పనిచేశానని మాత్రం చెప్పలేదు. ఆమె వెళ్ళాక బీరువా అడుగు సొరుగులోంచి ఒక ఇత్తడి బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో తనకే తెలియదు. ఇప్పుడది తొడకి తగులుతూ, ఇక్కడే ఉన్నానని గుర్తుచేస్తోంది.

"పెద్దాయనా," అన్నాడు కొలబద్ద. "నిన్న ఆ అమ్మాయి ఎన్నింటికి వచ్చింది?"

"పదకొండింటికి సార్."

సార్. ఆ మాట చెవిలో ముల్లులా దిగింది. ఇదే మనిషి ఒకప్పుడు తన పళ్ళెంలోంచి తీసి ఇతని పళ్ళెంలో వడ్డించేవాడు. తనకి పొట్ట పెరిగింది, జుట్టు పోయింది, కళ్ళజోడు వచ్చింది. గుర్తుపట్టలేదు కాబోలని కొలబద్ద తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

"వస్తే ఏం చేశావు?"

"బిళ్ళిచ్చాను. తొమ్మిదో నంబరు. ట్యాంకులోకి దిగేముందు మూత పక్కన కొక్కేనికి తగిలించమ్మా అని చెప్పాను. లోపల మనిషున్నట్టు గుర్తు సార్ అది. ఇక్కడ మొదట్నుంచీ అదే పద్ధతి. నవ్వి జేబులో వేసుకుంది. దాచుకుంటాను తాతగారూ, బాగుంది అంది."

"నువ్వు మళ్ళీ చెప్పలేదా?"

పెద్దాయన తల దించుకున్నాడు. "లేదు. తాతగారూ అనేసరికి ముచ్చటపడి ఊరుకున్నాను."

"మూతెప్పుడు మూశావు?"

"పన్నెండుకి ఇంకా కాస్త ఉంది. తెరిచిన మూత కనిపిస్తే మూసెయ్యాలి, అది కూడా పద్ధతే. కొక్కెం మీద బిళ్ళ లేదు. లోపల చీకటిగా ఉంది. ఒకటో ట్యాంకుకి వెళ్ళిందనుకున్నాను. అయినా స్పానరుతో మూడు దెబ్బలు కొట్టాను. కేకేశాను. పలకలేదు. మూసేశాను." తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. "దిగి చూడాల్సింది. ముప్పై మెట్లు పైకి ఎక్కడమే గగనమైపోయింది. లోపలికి దిగి మళ్ళీ ఎక్కలేనని దిగలేదు సార్. నన్ను తీసుకెళ్ళిపొండి. తప్పు నాదే."

ఇన్‌స్పెక్టరు బల్ల మీద చరిచాడు. "మూడు దెబ్బలు! ఆ పిల్ల లోపల భయంతో చచ్చిపోతుంటే బయట నిలబడి మూడుసార్లు వాయించి మరీ మూశాడు. ఎందుకో నేను చెప్తాను. సంగీతశాల వస్తే ఈయన ఉంటున్న ఈ గది కొట్టేసి టాయిలెట్లు కడతారు. పుట్టగొడుగుల చీటీలు రెండు ఈయన చేతిరాతే. ఇంకేం కావాలి?"

"రికార్డరు కావాలి," అన్నాడు కొలబద్ద.

ఆ అమ్మాయి మెడలో వేలాడిన రికార్డరు శవంతో పాటే దొరికింది. బ్యాటరీ అయిపోయేదాకా తిరుగుతూనే ఉంది. ఇస్త్రీ అందులో చివరి భాగం మాత్రమే విన్నాడు. కొలబద్ద మొదట్నుంచి పెట్టమన్నాడు. గడియారం విప్పి బల్ల మీద పెట్టుకున్నాడు.

రికార్డరు తెర మీది టైము ప్రకారం పదకొండూ ఎనిమిదికి మెట్లు దిగుతున్న చప్పుడు. పదకొండూ పన్నెండుకి మొదటి చప్పట. "తొమ్మిది సెకన్లు. ఒకటో దానికంటే తక్కువ. అడుగున ఏదో మెత్తగా ఉంది," అంది ఆ అమ్మాయి గొంతు, హుషారుగా. మళ్ళీ చప్పట. మళ్ళీ. మధ్యలో బూట్లు దేన్నో తొక్కుతున్న బుచబుచ శబ్దం. పదకొండూ ఇరవై ఆరుకి, "తల తిరుగుతోంది. పొద్దున ఏమీ తినలేదు, అదీ నా బతుకు," అని నవ్వింది. పదకొండూ ముప్పై ఒకటికి చివరి చప్పట. దాని వెనకే, "కాస్త కూర్చుంటాను," అంది.

ఆ తర్వాత గొంతు లేదు. ఇరవై ఒక్క నిమిషాలు ఏమీ లేదు. పదకొండూ యాభై రెండుకి ఇనుము మీద మూడు దెబ్బలు. దూరంగా, "ఎవరన్నా ఉన్నారా అమ్మా?" అని పెద్దాయన కేక. చాలాసేపు నిశ్శబ్దం. అప్పుడు మూత.

పెద్దాయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"వినపడిందా?" అన్నాడు కొలబద్ద. "మూత పడేసరికి ఆ పిల్ల మాట్లాడటం మానేసి ఇరవై ఒక్క నిమిషాలైంది. మూడు దెబ్బలు వాయింపు కాదు, ప్రశ్న. లోపలున్నవాళ్ళు ఒక దెబ్బతో జవాబివ్వాలి. ఇంకో మాట. వంద లారీల చమురు పట్టే ట్యాంకు అది. మూత గట్టిగా బిగించినా అందులో ఉన్న గాలితో ఒక మనిషి రోజుల తరబడి బతకొచ్చు. ఇరవై నిమిషాల్లో ఊపిరాడకపోవడం మూత వల్ల కాదు."

"దెబ్బల సంగతి మీకెలా తెలుసు?"

కొలబద్ద నాలుక కరుచుకున్నాడు. "ఇప్పుడేగా పెద్దాయన చెప్పాడు."

"ఒక దెబ్బ జవాబు సంగతి ఆయన చెప్పలేదే," అన్నాడు ఇస్త్రీ. ఈ మనిషి చొక్కా ఒక్కటే నున్నగా ఉంటుంది, బుర్రలో మడతలు బాగానే ఉన్నాయి.

"ఊహించాను," అన్నాడు కొలబద్ద. ఆ అబద్ధం తన నోట్లోంచి అంత తేలిగ్గా రావడం అతనికే రోతగా అనిపించింది. "పదండి, ట్యాంకు చూద్దాం. ఆ అమ్మాయి బూట్లేవి?"

బూట్లు సంచిలో ఉన్నాయి. అడుగుభాగాలకు నల్లటి జిగురు. తుప్పు అని రాసి సీలేశారు. కొలబద్ద ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ తెలియలేదు. ఈ కొండలో అడుగుపెట్టిన గంటకి ప్రతి ముక్కూ ఆ వాసనకి అలవాటుపడి చచ్చిపోతుంది. ఆ అమ్మాయికీ అంతే అయ్యుంటుంది.

కొండలోకి వెళ్ళే సొరంగం తిన్నగా ఉంటుంది. అటు మూడు, ఇటు మూడు ట్యాంకుల పక్కగోడలు సొరంగంలోకి పొట్టలు పొడుచుకొని కనిపిస్తాయి. ఒక్కోదాని పక్కన ఇనుప మెట్లు, పైన గుండ్రటి మూత. ఐదోదాని మెట్లెక్కుతూ కొలబద్ద అనుకోకుండా ఎడమ చెయ్యి చాచాడు. పక్క కమ్మీ మీద సరిగ్గా అక్కడే కొలత టేపు వేలాడుతూ ఉంది. చివర ఇత్తడి గుండుతో, చెక్క పిడితో, ఇరవయ్యారేళ్ళుగా ఎవరూ ముట్టని టేపు. చెయ్యి దాన్ని వెతుక్కోకుండానే అందుకుంది. వెనకాల ఎక్కుతున్న ఇస్త్రీ అది చూశాడో లేదో.

మూత తెరిచి, టేపు వదిలాడు. నలభై లెక్కపెట్టి పైకి లాగాడు. బెత్తెడు మేర టేపు నల్లగా, తడిగా మెరుస్తోంది. దాన్ని వేళ్ళతో రుద్దితే జిగటగా సాగింది.

"బురద," అన్నాడు ఇస్త్రీ.

"చమురు మడ్డి. పైన ఎండి పెచ్చు కట్టింది. ఆ అమ్మాయి తొక్కేసరికి పెచ్చు పగిలి ఆవిరి లేచింది. ఆ ఆవిరి గాలికంటే బరువు, పైకి రాదు, అడుగునే పడి ఉంటుంది. నిలబడ్డ మనిషికి తల తిరుగుతుంది." కొలబద్ద గొంతు తగ్గింది. "కూర్చున్న మనిషి మళ్ళీ లేవదు."

ఇస్త్రీ ఆ టేపుని వేలితో ముట్టి చూశాడు. తర్వాత తన ఫైలు తెరిచి ఒక జిరాక్సు కాగితం తీశాడు. "అలా అయితే ఇది చూడండి. సైన్యం వెళ్ళిపోయేటప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్టు. ట్యాంకులన్నీ కడిగి, మడ్డి తీసి, ఆరబెట్టి, దిగి చూసి సంతకం పెట్టారు. ఈ కాగితం నమ్మే ఆ పిల్ల దిగింది. ఈ కాగితం నమ్మే మునిసిపాలిటీ వాళ్ళు దిగనిచ్చారు."

కొలబద్దకి ఆ కాగితం చదవక్కర్లేదు. మొదటి గడిలో ఒకటో ట్యాంకు ఎదురుగా పూర్తి వాక్యం: కడిగినది, ఆరినది, దిగి చూడడమైనది. దాని కింద ఐదు గడుల్లో మాటలు లేవు. పైదే ఇదీ అన్నట్టు రెండేసి చిన్న గీతలు. పది గీతలు. అడుగున కోడిగీతల సంతకం, పక్కన గేజిమన్ నంబరు 14. గేజిమన్ అంటే ట్యాంకుల్లో చమురు కొలిచేవాడు.

ఆ రోజు అతనికి బాగా గుర్తుంది. యుద్ధమూ లేదు, తొందరా లేదు. డిపో ఆఖరి రోజు. పన్నెండున్నరకి వీడ్కోలు భోజనం, రెండింటికి ఊరెళ్ళే లారీ. ఒకటో ట్యాంకులోకి దిగాడు, అద్దంలా ఉంది. కడిగిన కూలీలు అన్నీ కడిగేశామన్నారు. ఇంకో ఐదు ట్యాంకులు దిగి ఎక్కితే భోజనం చల్లారిపోతుంది. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదన్నా ఉంటే బాగుండునని అతను చాలా రాత్రులు వెతుక్కున్నాడు, దొరకలేదు. పది గీతలు గీశాడు. ఆ గీతల కింద ఒక అమ్మాయి కూర్చుండిపోయింది. వాళ్ళ అక్కకి పొద్దున తను మంచినీళ్ళిచ్చి పంపాడు.

మెట్ల కింద పెద్దాయన నిలబడి పైకి చూస్తున్నాడు.

"ఈ పద్నాలుగు ఎవడో నీకు తెలిసే ఉంటుందిగా?" అని ఇస్త్రీ కిందికి కేకేశాడు. "నువ్వూ ఇక్కడే పనిచేశావు. ఒకళ్ళనొకళ్ళు నంబర్లతోనే పిలుచుకునేవాళ్ళటగా?"

పెద్దాయన కళ్ళు ఇన్‌స్పెక్టరు మీద నుంచి కొలబద్ద మీదికి జరిగాయి. అక్కడ ఒక్క క్షణం ఆగాయి. చాలు. గుర్తుపట్టాడు. ఇప్పుడు కాదు, పొద్దున గుమ్మంలో చూసినప్పుడే పట్టాడు. సార్ అన్నది మరిచిపోయి కాదు, కాపాడటానికి.

"గుర్తులేదు సార్," అన్నాడు పెద్దాయన సొరంగం కప్పు వైపు చూస్తూ. "చాలామంది వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. ముసలాణ్ణి, నంబర్లు ఏం గుర్తుంటాయి?"

ఇప్పుడు చెప్పాలి. కొలబద్ద నోరు తెరిచాడు. పేపర్లో పడే హెడ్డింగు కనిపించింది. ఇస్త్రీ నవ్వు కనిపించింది. పోయిన ఏడు ఒక కేసులో నిండు కోర్టులో ఇదే ఇస్త్రీని, సంతకం పెట్టేముందు చదవడం నేర్చుకోండి అని ఇతనే ఎద్దేవా చేశాడు. అక్క మొహం కనిపించింది. నోరు మూసుకున్నాడు.

"డిపో రిజిస్టర్లేమో ఎప్పుడో కాలిపోయాయి, నంబర్లు గుర్తులేవు," అన్నాడు ఇస్త్రీ మెట్లు దిగుతూ. "నాకైతే ఒకటే తోస్తోంది. పద్నాలుగు ఈ ముసలాయనే. మడ్డి ఉందని తెలుసు, తెలిసే ఆ పిల్లని దిగనిచ్చాడు. చేతులివ్వు పెద్దాయనా."

పెద్దాయన రెండు చేతులూ చాపాడు. బేడీలు పడిన చప్పుడు సొరంగమంతా తిరిగింది. కొలబద్ద మెట్ల మీద కదలకుండా చూస్తూ నిలబడ్డాడు. సిగ్గుతో తల వాలిపోవడమంటే మాట వరసకి అంటారనుకునేవాడు. నిజంగానే మెడ నిలవలేదు.

అప్పుడే సొరంగం వాకిట్లోంచి ప్లానింగ్ ఆఫీసరమ్మ వచ్చింది. సంగీతశాల పని మొత్తం ఆమె మీదే పడింది. రెండు రోజులుగా నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి. "ఇన్‌స్పెక్టరుగారూ, ఇక్కడ పని అయిపోయిందా? శుక్రవారం పెద్దవాళ్ళు చూడటానికొస్తారు. ఈ ట్యాంకు ఎలాగూ సీలేశారు కదా. అందుకని ఆరోదానికి తలుపు కోయిస్తున్నాను."

కొలబద్ద తలెత్తాడు. "ఏంటి కోయిస్తున్నారు?"

"తలుపండీ. గ్యాస్ కట్టరుతో. నాలుగింటికి మొదలుపెడతామన్నాడు వెల్డరు. సర్టిఫికెట్టు ఉంది, చూసే ఒప్పుకున్నాడు."

గడియారంలో మూడూ యాభై నాలుగు.

పది గీతల్లో ఆఖరి రెండూ ఆరోదానివి. మడ్డి నిండిన ట్యాంకు, ఆవిరి నిండిన ట్యాంకు, దాని గోడ మీద మంట. కొలబద్ద మెట్లు మూడేసి చొప్పున దూకి సొరంగం చివరనున్న ఆరోదాని వైపు పరుగెత్తాడు. యాభై ఏళ్ళ వయసులో అంత వేగం తనలో ఉందని అతనికి తెలియదు. "ఫోన్ చెయ్యండి! ఆపమనండి!" అని అరిచాడు. "కొండలో సిగ్నలుండదండీ!" అని ఆవిడ వెనక నుంచి అరిచింది. "పట్టుకోండి ఆయన్ని, ఇదంతా నాటకం!" అంటూ ఇస్త్రీ, బేడీలతో సహా పెద్దాయన్ని లాక్కుంటూ, వెంటపడ్డాడు.

ఆరో ట్యాంకు గోడ ముందు వెల్డరు కూర్చుని ఉన్నాడు. కళ్ళకు నల్లద్దాలు, చేతిలో వెలుగుతున్న కట్టరు. నీలం మంట గోడకి జానెడు దూరంలో సన్నగా ఈలవేస్తోంది.

"ఆపు! ఆర్పెయ్యి అది!"

వెల్డరు అద్దాలు నుదుటి మీదికి తోశాడు. మంట ఆర్పలేదు. "మీరెవరండీ?"

"లోపల చమురుంది. అంటుకుంటే కొండతో సహా లేచిపోతాం."

"ఆయన మాట వినకు," అని రొప్పుతూ వచ్చాడు ఇస్త్రీ. "ముద్దాయిని విడిపించడానికి వేషాలు. ఒక ట్యాంకులో బురదుంటే అన్నిట్లో ఉండాలనేముంది?"

"అదేగా సార్ నేననేది," అన్నాడు వెల్డరు. జేబులోంచి ప్లాస్టిక్కు తొడుగు వేసిన కాగితం తీసి చూపించాడు. అదే కాగితం. "ముప్పై ఏళ్ళుగా ఇదే పని నాది. కాగితం లేకుండా నిప్పు ముట్టించను. ఇదిగో, ఆరింటినీ దిగి చూశాడు, నంబరేసి సంతకం పెట్టాడు. ఎవరో గాని గట్టి మనిషి. ఒక్క పూటలో ఆరు ట్యాంకులు దిగి ఎక్కాడంటే మాటలా? అలాంటివాడి సంతకం కాదని మీ మాట వినాలా?"

కొలబద్ద జేబులో చెయ్యి పెట్టాడు. బిళ్ళ వేళ్ళకి తగిలింది. తీసి, మంట వెలుగులో పట్టుకున్నాడు. ఇత్తడి మీద పద్నాలుగు అంకె స్పష్టంగా ఉంది.

"ఆ గట్టి మనిషిని నేనే," అన్నాడు. "ఒకటే చూశాను. మిగిలిన ఐదూ చూడలేదు. అన్నం చల్లారిపోతుందని గీతలు గీసేసి వెళ్ళిపోయాను. ఆ అమ్మాయిని చంపింది మూత కాదు, ఈయన కాదు. నేను. నిన్ను కూడా నేనే చంపేలా ఉన్నాను. ఆర్పెయ్యి నాయనా, నీకు దణ్ణం పెడతాను."

కట్టరు ఆరింది. ఇస్త్రీ బిళ్ళ వైపు చూశాడు, పెద్దాయన వైపు చూశాడు. ఎగతాళి చేయడానికి ఇంతకంటే మంచి అదను ఆయనకి జన్మలో రాదు. అయినా ఏమీ అనలేదు. జేబులోంచి తాళంచెవి తీసి పెద్దాయన బేడీలు విప్పాడు. ఆ మౌనం కొలబద్దకి తిట్టుకంటే ఎక్కువగా తగిలింది.

"ముందే చెప్తే ఏం పోయేదిరా?" అన్నాడు పెద్దాయన మెల్లగా. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

వెల్డరు మొహం అప్పుడు పాలిపోవడం మొదలుపెట్టింది. "అయ్యా," అన్నాడు. "మా బావమరిది లోపలున్నాడు."

"ఏంటీ?"

"తలుపు కొలత లోపల్నించి గీస్తానని పై మూత తీసి దిగాడు. గీయడం అయ్యాక గోడ మీద కొడతాడు, అప్పుడు నేను కోయాలి. బురదగా ఉంది బావా అన్నాడు. తుప్పు నీళ్ళులేరా, గియ్యి అన్నాను." కట్టరు పక్కన పెట్టేశాడు. "మూడూ నలభైకి దిగాడు. ఇంకా కొట్టలేదు."

పద్దెనిమిది నిమిషాలు. ఆ అమ్మాయి మెట్లు దిగిన పద్దెనిమిది నిమిషాలకి తల తిరుగుతోందని నవ్వింది.

కొలబద్ద నేల మీద పడున్న కొయ్య సుత్తి తీసుకొని, నిప్పురవ్వ రాకుండా, గోడ మీద మూడు దెబ్బలు కొట్టాడు. ట్యాంకు గుమ్మని మోగింది. తొమ్మిది సెకన్లు మోగి ఆగిపోయింది. జవాబు రాలేదు.

"మళ్ళీ కొట్టండి," అన్నాడు ఇస్త్రీ.

మళ్ళీ మూడు దెబ్బలు. అందరూ గోడకి చెవులు ఆనించారు, ఇస్త్రీ నలగని చొక్కాతో సహా. చాలాసేపటికి, ఎక్కడో బాగా కిందగా, గోరుతో గీకినట్టు ఒక చిన్న చప్పుడు. ఒకటే.

"ఇంకా ఉన్నాడు!" అంటూ వెల్డరు మెట్ల మీదికి ఉరికాడు. కొలబద్ద అతని నడుం పట్టి లాగాడు. "నువ్వు దిగితే ఇద్దరూ ఉండిపోతారు. కంప్రెసరెక్కడ?"

"సొరంగం బయట."

"గాలి గొట్టం పైకి తెప్పించు. ఆక్సిజన్ సిలిండరు జోలికి మాత్రం పోకు, నిప్పుకి నెయ్యి పోసినట్టే. మేడమ్, మీరు బయటికి పరుగెత్తి ఫైరు వాళ్ళకి చెప్పండి. మాస్కులు తెమ్మనండి."

"వాళ్ళు రావడానికి అరగంట పడుతుందండీ," అంది ఆవిడ.

"తెలుసు," అన్నాడు కొలబద్ద.

మెట్లెక్కాడు. పైన మూత తెరిచే ఉంది. లోపల అడుగున ఎక్కడో బావమరిది టార్చి బోర్లా పడి, నల్లటి మడ్డి మీద పసుపు మరక మాత్రం కనిపిస్తోంది. కొలబద్ద తాడు నడుముకి చుట్టి రెండు ముళ్ళు వేశాడు. రెండో కొస ఇస్త్రీ చేతికిచ్చాడు. గాలి గొట్టం బుస్సుమంటూ వచ్చింది, దాని కొస చొక్కా లోపల్నించి నోటి దగ్గరకి దోపుకున్నాడు.

"రెండు నిమిషాలు," అన్నాడు. "తాడు లాగకపోతే మీరు లాగెయ్యండి. ఎంత బరువున్నా ఆపకండి."

"లాగుతాను," అన్నాడు ఇస్త్రీ. ఆయన తాడుని అరచేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. "వచ్చాక అరెస్టు చెయ్యాలిగా మిమ్మల్ని."

పెద్దాయన మోకాళ్ళు పట్టుకొని ముప్పై మెట్లూ ఎక్కి వచ్చేశాడు, ఎలా ఎక్కాడో ఏమో. చెయ్యి చాపాడు. కొలబద్ద ఇత్తడి బిళ్ళ ఆ చేతిలో పెట్టాడు. పెద్దాయన దాన్ని మూత పక్కన కొక్కేనికి తగిలించాడు. ఇరవయ్యారేళ్ళుగా ఈ కొక్కెం మీద పద్నాలుగో నంబరు పడలేదు. అసలు ఒక్కసారి కూడా పడలేదు.

"జాగ్రత్త, పద్నాలుగూ," అన్నాడు పెద్దాయన.

కొలబద్ద మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. తలెత్తి ఆ ముసలి మొహంలోకి, పొద్దుట్నుంచి మొదటిసారి, తిన్నగా చూశాడు.

"ఈసారి చూసే వస్తాను, అన్నా," అని ఊపిరి బిగబట్టి కిందికి దిగాడు.